ఒక సాయంత్రం, నాలుగు కార్యక్రమాలు
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాత టీవీ కార్యక్రమాల్లో ఒక్క సాయంత్రానికి సరిపడా ఏరుకోమంటే ఏవి ఏరుకుంటారన్నది నాకిచ్చిన విషయం. జీవితమంతా ఫైళ్లకు నంబర్లు వేసిన గుమాస్తాను గనుక దీనికీ వరుస నంబర్లే వేస్తాను.

ఒకటి, తెలుగు వార్తలు. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలైనా, తెలుగు వార్తలు 1983 నవంబరు 14న శాంతిస్వరూప్ గారితో ప్రారంభమయ్యాయి. టెలిప్రాంప్టర్ లేని ఆ రోజుల్లో వార్తలను ముందే కంఠస్థం చేసుకొని చెప్పేవారట. 2024 ఏప్రిల్‌లో ఆయన పోయారని విన్నప్పుడు మా ఇంటి మనిషే పోయినట్టు అనిపించింది.

రెండు, శుక్రవారం చిత్రలహరి. పాట మధ్యలో కరెంటు పోతే ఆ బాధ ఎంతటిదో మీకు వేరే చెప్పనక్కరలేదు.

మూడు, ధర్మవరపు సుబ్రహ్మణ్యం గారి ఆనందోబ్రహ్మ. ఆయనా ఒకప్పుడు ప్రభుత్వోద్యోగే. అందుకేనేమో ఆ హాస్యం మనకు అంత దగ్గరగా ఉండేది.

నాలుగు, రామానంద సాగర్ రామాయణం. 1987 జనవరి 25 నుంచి 1988 జులై 31 దాకా అది ఆదివారం ఉదయం కదా వచ్చింది అంటారేమో. సాయంత్రం నాది, ఇష్టమూ నాదే!

మన తుంగతుర్తి అప్పుడు నల్లగొండ జిల్లాలో ఉండేది. మా వీధిలో టీవీ ఉన్న రెండు మూడు ఇళ్లలో మాదొకటి. మిద్దె మీద మా పెద్దవాడు యాంటెన్నా తిప్పుతుంటే, “వచ్చింది, అక్కడే ఆపు” అని కింద నుంచి నేను అరిచేవాణ్ణి. తొమ్మిదిన్నరకల్లా చాపలన్నీ నిండిపోయేవి, కిటికీ దగ్గర కూడా జనమే. వచ్చిన వాళ్లందరికీ మా ఇంట్లో టీ ఇచ్చేవాళ్లమని ఎంతోకాలం గొప్పగా చెప్పుకున్నాను.

2020 మార్చి 28న, లాక్‌డౌన్‌లో, దాన్నే మళ్లీ వేశారు. పిల్లలు దూరాన ఉన్నారు. ఇంట్లో మేమిద్దరమే. చూస్తూ చూస్తూ మా ఆవిడ, “ఇది అప్పుడు వచ్చిందా? నేను చూడనేలేదే” అంది.

“వారం వారం ఇంట్లోనే ఉన్నావు గదా” అన్నాను.

“ఇంట్లోనే ఉన్నా. పొయ్యి దగ్గర ఉన్నా. అందరికీ టీ ఎవరు పెట్టారనుకున్నారు?”

కోపంగా అనలేదు. అందుకే నాకు మాట రాలేదు. ఏడాదిన్నర పాటు ఆమె తలుపు పక్కన నిలబడి వినడమే గాని, కూర్చొని చూసింది లేదు. ముప్పై మూడేళ్లలో ఆ సంగతి నాకు తట్టనూ లేదు.

మర్నాడు తొమ్మిదికి ముందే టీ నేను పెట్టాను. చక్కెర మరిచిపోయాను. ఆమె ఏమీ అనకుండా, టీవీ మీంచి కన్ను తిప్పకుండా తాగింది.

కాబట్టి నా జాబితాకు ఒక సవరణ. కార్యక్రమాలు ఏవైనా సరే, ముందు కుర్చీ ఇంటావిడది. ఇక్కడ వెనక వరుసలో కూర్చున్న సోదరీమణులు కూడా ముందుకు రావలసిందిగా మనవి. ఈ పూట టీ సంగతి మేము చూసుకుంటాం.

సెలవు.