పుర్రె తెరువకయే మూర్ఛ మూలమును వెదకుట

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ప్రసంగ పాఠము)



జహీరాబాదు సంతలో ఎవరైనను మూర్ఛ వచ్చి పడిపోయినచో, చుట్టు మూగినవారు మొదట వెదకునది తాళపుచెవుల గుత్తి. ఇనుము చేతబెట్టిన మూర్ఛ తగ్గునని నమ్మిక. సాధారణముగా కొలది నిమిషములలో అది తనంతట తానే తగ్గును. కీర్తి మాత్రము తాళపుచెవులకు దక్కును! రోగిని ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టి, నోట నేమియు పెట్టకుండవలెను. ఐదు నిమిషములు దాటినచో ఆసుపత్రికి గొనిపోవలెను.

మూర్ఛ యనగా మెదడు కణముల విద్యుత్తు ఒక్కుమ్మడి అదుపు తప్పుట. పెక్కుమందికి ఇది మందులకు లొంగును. సుమారు మూడవ వంతు మందికి లొంగదు. వారిలో కొందరికి శస్త్రచికిత్స మేలు చేయును. కాని మూర్ఛ పుట్టు తావు ముందుగా తెలియవలెను. వ్రేలెడు దూరము తప్పినను మాటయో చూపో దెబ్బతినవచ్చును.

జర్మనీలోని యేనా నగరమున హాన్స్ బెర్గర్ అను వైద్యుడు 1924లో మానవుని మెదడు విద్యుత్తును తొలిసారి నమోదు చేసి, 1929లో ప్రకటించెను. సుమారు నూరు కిలోమీటర్ల దూరముననున్న హైదరాబాదు ఆసుపత్రులలో నేడు చేయు ఇ.ఇ.జి. పరీక్షకు అదియే మూలము. తలపై ఇరువది వరకు తీగల బిళ్లలు అంటింతురు. షాకు కొట్టునని భయపడ పనిలేదు. యంత్రము విద్యుత్తును పంపదు, వచ్చుదానిని వ్రాసికొనును.

చిక్కెచట? ఊరి వెలుపల నిలిచినవానికి డప్పు వినవచ్చును. అది ఏ వాడలోనిదో చెప్పుట కష్టము. పుర్రె గోడవలె అడ్డుపడి విద్యుత్తును పరచివేయును. అంతకంటె పెద్ద చిక్కును హెల్మ్‌హోల్ట్స్ 1853లోనే చూపెను: వెలుపలి కొలత ఒక్కటే యైనను లోపలి మూలములు పెక్కు విధములుగా నుండవచ్చును. బిళ్లలను 256కు పెంచినను ఇది పూర్తిగా తీరదు. అందుచే ఎం.ఆర్.ఐ. చిత్రమును లెక్కకు జతచేసి, మెదడున సంభవింపని సమాధానములను త్రోసివేయుదురు. కంప్యూటరు తెరపై కనబడు ఎర్రచుక్క లెక్క చెప్పిన ఊహయే గాని కంటితో చూచినది కాదు.

మరియొక త్రోవ గలదు. విద్యుత్తు పారుచోట అయస్కాంత శక్తియు పుట్టును. పుర్రె దానిని అంతగా చెరుపదు. అమెరికాలో డేవిడ్ కోహెన్ 1968లో దీనిని కొలిచెను. సాధారణముగా ఇది భూమి అయస్కాంత శక్తిలో 10 కోట్ల వంతులలో ఒక వంతుకు మించదు. ముంబాయి రోడ్డున పోవు లారీవంటిది దాపున కదలినను కొలత చెడును. కావున ప్రత్యేకపు గదిలో, సున్నకు దిగువ 269 డిగ్రీల ద్రవ హీలియముతో చల్లబరచిన పరికరములతో కొలుతురు. బెంగుళూరు నిమ్హాన్స్‌లో ఇట్టి ఎం.ఇ.జి. యంత్రము గలదు.

ఈ సాక్ష్యములన్నియు ఒక్క తావునే చూపినచో వైద్యులు ధైర్యము చేయుదురు. విభేదించినచో కొందరికి పుర్రె లోపల తీగలు పెట్టి చూడక తప్పదు. ఇంటివారి సాక్ష్యమును వైద్యులు మిక్కిలి ఆసక్తితో అడుగుదురు. ఎడమచేయి మొదట కొట్టుకొనెనని చెప్పినచో, కుడి మెదడున వెదకుదురు. తాళపుచెవులకై పరుగెత్తినవాడు ఇది చూడలేడు. ఫోనులో తీసిన చిత్రమైనను వైద్యునకు పనికివచ్చును.