వరిచేనిలో కప్ప



తొలకరి కురిసిన రాత్రి చెఱువుగట్టున కప్పల బెకబెకలు విని విసుగు చెందువారు కలరు. ఋగ్వేదము సప్తమ మండలమున వానికొక సూక్తమే కలదన్న సంగతి వారెఱుగరు కాబోలు! అది యట్లుండనిండు. ఆ ప్రాణికిని మన గాదెలోని ధాన్యమునకును గల సంబంధమును గూర్చి నేడు మనవి చేసెదను.

ధాన్యమనగా నిలువచేయబడిన యెండయే. చేనిపై బడిన యెండలో వరిపైరు నూఱింట ఒకటి రెండు పాళ్లకు మించి పట్టి యుంచజాలదు. ఆ యాకును మిడుత తినును. తిన్నదానిలో కొంత మలముగా పోవును. చాల భాగము ఎగురుటకును, ఊపిరికిని వ్యయమై వేడిగా మాఱిపోవును. మిడుత యొడలుగా నిలుచునది సుమారు పదియవ పాలు మాత్రమే. మిడుతను కప్పయు, కప్పను పామును, పామును గ్రద్దయు తినునపుడు సైతము ఇంచుమించుగా ఇదే తరుగు. మన కొలతలలో చెప్పవలెనన్న, ఆకులో పుట్టెడున్న శక్తి మిడుతలో రెండు తూములగును. కప్పలో కుంచెడుకు తక్కువ. పాములో సోలెడు పైచిలుకు. గ్రద్దకు గిద్దెడైనను చేరదు. కావుననే చేనిలో మిడుతలు లెక్కకు మిక్కిలిగా నుండగా, ఊరిపై గ్రద్దలు రెండో నాలుగో తిరుగును. పులులనే తిని బ్రతుకు మృగమేల లేదని పూర్వము నా శిష్యులడుగుచుండెడివారు. సమాధానము ఈ గిద్దెడులోనే యున్నది.

ఈ మెట్ల లెక్కకు త్రోవ చూపినవాడు అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రమందలి ఒక చిన్న సరస్సును పరిశోధించిన లిండెమన్. ఆయన వ్యాసము 1942లో అచ్చగునప్పటికే, ముప్పది యేండ్లయినను నిండకుండ, ఆయన గతించెను.

కప్ప కూర్చున్న మెట్టు మన కంచమునకు మిక్కిలి దగ్గఱిది. మిడుతలు, దోమపోటు పురుగులు, కాండము తొలుచు పురుగుల రెక్కలజీవములు దాని యాహారము. అట్టి కప్పలను పట్టి, కాళ్లు కోసి, విదేశములకు ఓడలలో పంపిన కాలము కలదు. పంట పురుగులు పెరుగునన్న భయముచే 1987లో కేంద్రప్రభుత్వము ఆ యెగుమతిని నిషేధించినది.

నిషేధము వచ్చినది గాని, కప్పకు వేఱొక యాపద మిగిలినది. శక్తి మెట్టుమెట్టునకు తఱుగును. డీడీటీ వంటి విషమట్లు కాదు. అది వేడిగా వెలికి పోక క్రొవ్వులో నిలిచి, పైమెట్టున మఱింత చిక్కనగును. ఇంగ్లండులో డేగల గ్రుడ్ల పెంకులు పలుచనై పొదుగునపుడే పగులుటకు ఇదియే కారణమని 1960వ దశకమున తేలినది. మన దేశమున 1989లో డీడీటీని సేద్యమునుండి తొలగించిరి. ఇప్పటి మందులలో పెక్కు త్వరగానే విరిగిపోవునందురు, నిజమే. కాని కప్ప చర్మము మన చర్మము వంటిది కాదు. దానిగుండ నీరును, ఊపిరియు లోపలికి పోవును. నీటిలోని మందును పోవును.

మీ యూరిలో పిచికారీ డబ్బాలు ఎక్కడ కడుగుచున్నారో రేపు ప్రొద్దున ఒకపరి పోయి చూడుడు. అది చెఱువు రేవైనచో, గ్రామసభలో చెప్పి, తోకకప్పలున్న నీటికి దూరముగా వేఱొక చోటు ఏర్పఱుపుడు.