మల్లన్న దారిలో మన చెంబెడు నీళ్ళు

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవం నాడు ఆలూరులో చేసిన ప్రసంగ పాఠం)



1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షన్ దయాధర్మం కాదు, హక్కు అని తీర్పు ఇచ్చింది. ఆ సంగతి ముందు మాట్లాడినవారు వివరంగా చెప్పారు. నన్ను ఆరోగ్యం గురించి మాట్లాడమన్నారు. నేను డాక్టరును కాను. రిటైరైన మరుసటి ఏడు నేను నడిచిన ఒక దారి గురించి చెబుతాను.

ఏటా ఉగాదికి ముందు బళ్ళారి వైపు నుంచి వచ్చే కన్నడ యాత్రికులు మన ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు మీదుగా శ్రీశైలానికి నడిచిపోవడం మీరందరూ చూసిందే. భ్రమరాంబ వాళ్ళింటి ఆడపడుచు, మల్లన్న అల్లుడు. పుట్టింటి చీర, పసుపు, కుంకుమ మోసుకుపోతారు. కొందరైతే కొయ్యకాళ్ళు కట్టుకుని నడుస్తారు. ఆత్మకూరు దగ్గర వెంకటాపురంలో నల్లమల ప్రవేశిస్తారు. అక్కడి నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం. అడవిలోనే 40 కిలోమీటర్ల పైచిలుకు నడక.

ఇది నిన్న మొన్నటి దారి కాదు. శ్రీశైలానికీ అహోబిలానికీ 14వ శతాబ్దంలోనే ప్రోలయ వేమారెడ్డి మెట్లు కట్టించాడు. కొండ ఎక్కేవాడి కష్టం ఆనాటి రాజుకు కూడా తెలుసు.

నేనూ, రిటైర్డు హెడ్మాస్టరైన నా మిత్రుడూ ఆ యాత్రికులతో కలిసి బయలుదేరాము. ఆయనకు షుగరు. పొద్దున మాత్ర వేసుకున్నాడు, మొక్కు అని ఏమీ తినలేదు. భీముని కొలను దగ్గర లోయలోకి దిగి, మళ్ళీ మెట్లెక్కేటప్పుడు ఆయనకు చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, మాట తడబడింది. ఎండదెబ్బ అనుకుని నేను నీళ్ళు తాగించాను. వెనక వస్తున్న ఒక కన్నడ తల్లి చూసి "సక్కరె కాయిలె ఇదెయా?" అని అడిగింది. అవునన్నాను. కొంగున కట్టుకున్న బెల్లం విప్పి ఆయన నోట్లో పెట్టింది. పావుగంటకు మనిషి తేరుకున్నాడు.

బిస్కెట్లు నా సంచిలోనే ఉన్నాయి. ఉపవాసమని నేనే బయటికి తియ్యలేదు. ఆ తప్పు ఈనాటికీ నన్ను బాధిస్తుంది. ఆ తల్లి పేరైనా అడగలేదు.

అందుకే చెబుతున్నా. మాత్ర మింగి పస్తు ఉండవద్దు. మొక్కు ఉంటే ముందుగా డాక్టరుతో మాట్లాడండి. జేబులో బెల్లం ముక్క పెట్టుకోండి. షుగరు పడిపోయినవారు స్పృహలో ఉండి మింగగలిగితేనే నోట్లో పెట్టాలి. స్పృహ తప్పితే ఏమీ పెట్టకుండా ఆసుపత్రికి చేర్చాలి. ఆ అడవి 1983 నుంచి ప్రాజెక్ట్ టైగర్ కింద ఉంది. యాత్ర రోజుల్లో అటవీశాఖ అనుమతించిన దారిలోనే, గుంపుతోనే నడవండి. ప్లాస్టిక్ సీసాలు అక్కడ పారేయవద్దు.

ఉగాదికి ఇంకా మూడు నెలలు పైగా ఉంది. పోదలచినవారు రేపటి నుంచే పొద్దున్నే చల్లపూట కొంచెం కొంచెంగా అలవాటు చేసుకోండి. కాళ్ళు కుదిరాక దేవరగట్టు ఎక్కి చూడండి. గట్టు ఎక్కలేనివారు నల్లమల మాట తలపెట్టవద్దు.

ఇప్పుడు నా మోకాళ్ళు సహకరించవు. నావంటివారు ఇక్కడ చాలామంది ఉన్నారు. మన సంఘానికి నాదొక మనవి. ఈ ఉగాది ముందు పది రోజులు మన రోడ్డు పక్కన ఒక పందిరి వేసి చలివేంద్రం పెడదాం. నీళ్ళు, మజ్జిగ, ఒక పళ్ళెంలో బెల్లం. వంతులవారీగా ఇద్దరిద్దరు కూర్చుంటే చాలు. నా వంతుగా మొదటి రోజు ఖర్చు నేను పెట్టుకుంటాను. మా హెడ్మాస్టరు గారు బెల్లం పళ్ళెం దగ్గర తానే కూర్చుంటానని ఇప్పటికే మాట ఇచ్చారు.

నడిచేవారితో పాటు నీళ్ళు పోసేవారు కూడా ఉండబట్టే ఇన్ని వందల ఏండ్లుగా ఆ దారి నిలిచింది. నడవలేనివారం నీళ్ళు పోద్దాం. ఆ తల్లి మళ్ళీ ఇటు వస్తే, గుర్తుపట్టకపోయినా, మన నీళ్ళు తాగి పోతుంది.