నిమ్మకాయ దీపం, మార్కెట్టు దీపం



బడిలో వైజ్ఞానిక ప్రదర్శన అనగానే పిల్లలు మన వంటింటి మీద పడతారు. నాలుగు నిమ్మకాయలు, నాలుగు రాగి తీగ ముక్కలు, జింకు పూత వేసిన నాలుగు మేకులు కావాలంటారు. ఒక్కొక్క కాయలో ఒక తీగా, ఒక మేకూ ఒకదానికొకటి తగలకుండా గుచ్చి, ఈ కాయలోని రాగిని పక్క కాయలోని మేకుకు కలుపుతూ పోతే చివర చిన్న ఎర్ర ఎల్.ఇ.డి. దీపం మినుకు మినుకుమంటుంది. ముచ్చటగానే ఉంటుంది. కాని "నిమ్మకాయలో కరెంటు ఉందమ్మా" అంటే మాత్రం ఒప్పుకోకండి.

ఆ కరెంటు కాయది కాదు, జింకుది. పులుపులో జింకు కొద్దికొద్దిగా కరుగుతూ ఇచ్చే శక్తి అది. కాయ దారి ఇస్తుంది, అంతే. 1800లో ఇటలీ దేశస్థుడు ఓల్టా ఉప్పునీటిలో తడిపిన అట్టముక్కలతో చేసిందీ ఇదే. ఒక్క కాయ ఇచ్చేది వాటులో వెయ్యో వంతు కూడా ఉండదు. 75 వాట్ల ఫ్యాను తిరగాలంటే 75,000 కాయలైనా చాలవు! బంగాళాదుంపను 8 నిమిషాలు ఉడికించి వాడితే పచ్చిదానికంటె సుమారు పదిరెట్లు శక్తి వస్తుందని 2010లో జెరూసలేములోని హీబ్రూ విశ్వవిద్యాలయం వారు చూపించారు. అక్కడా కరిగేది జింకే. అన్నట్టు, ప్రయోగం అయ్యాక ఆ కాయలు పులిహోరలో పిండేరు సుమా! జింకు వాటిలోకి దిగి ఉంటుంది, పారవేయండి.

మరి కూరగాయల్లో శక్తి లేదా? లేకేం! మొక్క ఎండను పట్టి దాచుకున్న పిండీ, చక్కెరా ఉన్నాయి. వాటిని గాలి చొరని తొట్టిలో కుళ్ళబెడితే సూక్ష్మజీవులు తిని మీథేను వాయువు వదులుతాయి. మన గోబర్ గ్యాసు సంగతే. ఆ గ్యాసుతో ఇంజను నడిపి కరెంటు తీస్తారు.

సికింద్రాబాదు బోయినపల్లి కూరగాయల మార్కెట్టులో ఈ పని చేసి చూపించారు. తార్నాకలోని ఐ.ఐ.సి.టి. శాస్త్రజ్ఞుల పద్ధతిలో కట్టిన ప్లాంటు అది. 2021 జనవరిలో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో దీని ముచ్చట వచ్చింది. అప్పటి లెక్కన రోజుకు సుమారు 10 టన్నుల చెత్త నుంచి 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల గ్యాసు. కరెంటు మార్కెట్టు దీపాలకు, గ్యాసు క్యాంటీను పొయ్యికి.

అయితే ఇక బొగ్గుతో పని లేదనుకోకండి. మన భూపాలపల్లి దగ్గరి చెల్పూరు థర్మల్ స్టేషను సామర్థ్యం 1,100 మెగావాట్లు. అది పూర్తిగా నడిస్తే ఆ 500 యూనిట్లు తీయడానికి రెండు సెకన్లు కూడా పట్టవు. ఆ బొగ్గూ కోట్ల ఏళ్ళనాటి చెట్టూచేమే అనుకోండి! నన్నడిగితే బోయినపల్లిలో కరెంటు కొసరు. ఆ 10 టన్నులూ ఊరి బయట గుట్టపడి కంపు కొట్టకపోవడమే అసలు లాభం.

రేపు జనగామలోనో మహబూబాబాదులోనో ఇటువంటి తొట్టి పెట్టినా, దానికి కావలసింది శుభ్రమైన తడి చెత్త. 2016 నిబంధనలే తడి, పొడి విడదీసి ఇమ్మన్నాయి. చాలా ఇళ్ళలో బండి వచ్చే వేళకు అన్నీ ఒకే సంచిలో మూటగడతారు. ప్లాస్టిక్ కవర్లను ఆ సూక్ష్మజీవులు తినవు, గొట్టాలకు అడ్డం పడతాయి. కొత్తిమీర కట్టకు చుట్టిన రబ్బరు బ్యాండు కూడా తీసి, పొడి చెత్తలో వేయండి.