కలిసి రాసుకునే లెక్క: చదువు, వైద్యం, వ్యాపారం
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మాకు ఇచ్చిన అంశం ‘విద్య, వైద్య, వ్యాపార రంగాలలో సమష్టి వ్యవస్థల పాత్ర’. పేరు కొంచెం బరువుగా ఉంది. మేము బడిపంతుళ్ళం కాబట్టి క్లాసులో చెప్పినట్టే చెబుతాము. ఒకరికి తెలిసిన సంగతి ఇంకొకరికి వేళకు అందేలా చేసే ఏర్పాటునే సమష్టి వ్యవస్థ అంటారు. అది కంప్యూటరు కావచ్చు, రిజిస్టరు కావచ్చు, తలుపు పక్కన సుద్దముక్కతో గీసిన గుర్తు కూడా కావచ్చు.

సుద్దముక్క మాట ఊరికే అనలేదు. మన దేశంలో 1995లో పల్స్ పోలియో మొదలైంది. ఏడేళ్ళ తర్వాత, 2002లో, దేశంలో 1,600 మంది పిల్లలకు పోలియో వచ్చింది. వారిలో ఎక్కువమంది ఉత్తరప్రదేశ్ పిల్లలు. అక్కడి పశ్చిమ జిల్లాలలో మన కుటుంబాల పిల్లలే జనాభాలో తమ వంతుకు మించి ఆ జబ్బున పడ్డారు. మందుకు కొరత లేదు, సిబ్బందికీ కొరత లేదు. ఆ చుక్కలు వేస్తే పిల్లలకు పెద్దయ్యాక సంతానం కలగదన్న పుకారు ఇల్లిల్లూ తిరిగింది. వచ్చిన సిబ్బంది ఎవరో ఇంట్లోవాళ్ళకు తెలియదు. ఏ ఇంట్లో ఏ బిడ్డ మిగిలిపోయిందో సిబ్బందికి తెలియదు.

అక్కడ చేసిన పని చూడండి. ఇంట్లో ఐదేళ్ళలోపు పిల్లలందరికీ చుక్కలు పడితే తలుపు పక్కన ‘పి’ అని రాశారు. ఒక్క బిడ్డ మిగిలినా ‘ఎక్స్’ అని రాశారు. తర్వాత వచ్చినవాళ్ళు ఆ ‘ఎక్స్’ ఉన్న ఇళ్ళకే మళ్ళీ వెళ్ళారు. అదే గల్లీలో ఉండే ఆడవాళ్ళను ఎంచి, ఇళ్ళ వివరాలూ కొత్తగా పుట్టిన పిల్లల వివరాలూ వాళ్ళ పుస్తకాల్లో రాయించారు. పొరుగింటి కోడలు వచ్చి అడిగితే తలుపు వేసుకోవడం కష్టం కదా! మస్జిదు మైకుల్లో ఇమాములు ప్రకటనలు చేశారు. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, జామియా మిల్లియా, జామియా హమ్దర్ద్ వారు కదిలారు. ఉలమా తమ పేర్లతో విజ్ఞప్తులు ఇచ్చారు.

ఆ తల్లులు ఇంకో మాట కూడా అడిగారు. మురుగుకాలువ తీయనివాళ్ళు, జ్వరానికి మందు ఇవ్వనివాళ్ళు చుక్కలకు మాత్రం ఇన్నిసార్లు ఎందుకు వస్తున్నారని. చాలా న్యాయమైన ప్రశ్న. దాన్ని మొండితనం కింద కొట్టిపారేయలేదు. ఉత్తరప్రదేశ్, బీహార్‌లలో 107 బ్లాకులు ఎంచి, చుక్కల మందుతో పాటు పారిశుద్ధ్యం, విరేచనాల నివారణ, తల్లిపాల సంగతులూ ఒకే ప్రణాళికలో చేర్చారు. 2010 నుంచి మెరుగైన చుక్కల మందు కూడా తోడైంది. 2009లో 741 కేసులుంటే 2010లో 42 అయ్యాయి. 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్ హౌరా జిల్లాలో ఒక చిన్నపాపకు వచ్చినదే ఆఖరిది. 2014 మార్చి 27న మన ప్రాంతానికి పోలియో రహిత ధ్రువపత్రం వచ్చింది.

ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నామంటే, ‘మనవాళ్ళు మారరు’ అనే మాట సభల్లో తరచు వింటాము. మనవాళ్ళు మారారు. అడిగేవాళ్ళు తెలిసినవాళ్ళయితే, చెప్పినదాన్ని ఎవరో ఒకరు రాసుకుంటే, తమ బాధ కూడా ఆ రాతలోకి ఎక్కితే మారారు.

వ్యాపారం దగ్గరికి వద్దాం. దీనికి ఉత్తరప్రదేశ్ దాకా పోనక్కర్లేదు, మన నెల్లూరు జిల్లా చాలు. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యత ఉద్యమం జోరుగా నడిచింది. రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్ళు అక్షరాలతో పాటు తమ కష్టాలూ చెప్పుకున్నారు. దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. ఆ కథ వేరే ఊళ్ళకు పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాత అదే ఆడవాళ్ళు రోజుకో రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టారు. ఇప్పుడు ప్రతి ఊళ్ళోనూ కనిపించే పొదుపు సంఘాలకు పెద్ద ఊపు అక్కడే వచ్చింది. సంఘం బలం డబ్బులో లేదు, పుస్తకంలో ఉంది. ఎవరు ఎంత కట్టారో, ఎవరు ఎందుకు తీసుకున్నారో అందరి ముందూ చదువుతారు. సంతకం రానివాళ్ళకూ లెక్క వస్తుంది. వడ్డీ విషయంలో మనకు వేరే మార్గం ఉంది, మన చిన్న రుణాలు వడ్డీ లేనివే. పుస్తకం చదివే పద్ధతి మాత్రం తప్పక తీసుకోదగ్గది.

ఇక మన సంగతి. మన సొసైటీలో మూడు విభాగాలు ఉన్నాయి. స్కాలర్‌షిప్పులవాళ్ళు ఒక రిజిస్టరు రాస్తారు. వైద్య శిబిరంవాళ్ళ దగ్గర ఓపీ చీటీల పుస్తకం ఉంటుంది. రుణాలవాళ్ళు కిస్తీల ఖాతా రాస్తారు. మూడూ శుభ్రంగా రాసినవే. కిందటేడు ఒక ఆదివారం జొహర్ నమాజు తర్వాత మూడూ ఒకే బల్ల మీద పెట్టి పేర్లు సరిచూశాము. స్కాలర్‌షిప్పు రిజిస్టరులో తొమ్మిది పాసై పదో తరగతి పుస్తకాలు తీసుకెళ్ళని ఒక అమ్మాయి పేరుంది. శిబిరం చీటీల్లో అదే గల్లీ నుంచి ఒకామెకు మూడు వారాలుగా దగ్గు, గళ్ళ పరీక్షకు పంపాలి అని ఉంది. ఖాతాలో ఒక తోపుడుబండి వ్యాపారి రెండు కిస్తీలు ఆపేశాడని ఉంది. ముగ్గురిదీ ఒకే ఇంటి నంబరు.

తల్లికి టీబీ. అమ్మాయి వంట, తమ్ముళ్ళ పని చూసుకుంటూ బడి మానింది. తండ్రి ఆస్పత్రి చుట్టూ తిరుగుతూ బండి తీయలేదు. విడివిడిగా చూస్తే ఒక శ్రద్ధ లేని పిల్ల, ఒక మొండి దగ్గు, ఒక ఎగవేతదారు. కలిపి చూస్తే కష్టంలో పడిన ఒక ఇల్లు.

తర్వాత చేసినది పెద్ద పనేమీ కాదు. టీబీకి ప్రభుత్వ ఆస్పత్రిలో మందులు ఉచితం. మామూలు టీబీకి ఆరు నెలలు వాడాలి, మధ్యలో ఆపకూడదు. నిక్షయ్ పోషణ్ యోజన కింద పోషకాహారానికి నెలకు 500 రూపాయలు రోగి బ్యాంకు ఖాతాకే వచ్చేవి. 2024 నవంబరు నుంచి దాన్ని 1,000 చేశారు. ఆమెకు ఖాతా ఉంది కానీ వివరాలు నమోదు కాలేదు, అది చేయించాము. కిస్తీలు నాలుగు నెలలు వాయిదా వేశారు. పొరుగున ఉండే ఒక పెద్దావిడ మధ్యాహ్నం పిల్లలను చూసుకుంటానంది. అమ్మాయి అర్ధసంవత్సరం పరీక్షలకు ముందే బడికి వచ్చింది. ఆమెకు ఏడాదికి ఇచ్చే స్కాలర్‌షిప్పు కంటే ఆ ఆదివారం రెండు గంటలే ఎక్కువ పనిచేశాయని మా అభిప్రాయం. దాతలు నొచ్చుకోకూడదు.

‘వాట్సాప్ గ్రూపు ఉందిగా, మళ్ళీ రిజిస్టరు ఎందుకు’ అని కొందరు యువకులు అడిగారు. గ్రూపులో పొద్దున పెట్టిన కబురు సాయంత్రానికి గుడ్‌మార్నింగ్ పూల కింద ఎక్కడో ఉంటుంది. కబురు చెప్పడానికి గ్రూపు మంచిదే. ఆర్నెల్ల తర్వాత వెతకడానికి వరుసలు, గడులు ఉన్న పట్టిక కావాలి. ఇంటి నంబరు, ఇంట్లో ఎవరెవరు, ఏ విభాగం ఎప్పుడు కలిసింది, తర్వాత ఎప్పుడు వెళ్ళాలి, ఎవరు వెళ్ళాలి. ఈ ఆఖరి గడి ఖాళీగా ఉంటే మిగతా అన్నీ నింపినా దండగ.

ఒక భయం ఉంది, అది నిజమైన భయమే. పేదవాడి ఇంటి గుట్టు పట్టికలోకి ఎక్కుతుంది. టీబీ అని బయటపడితే ఆ ఇంటి ఆడపిల్లకు సంబంధాలు రావని తల్లులు హడలిపోతారు. అందుకే విభాగానికి ఒకరు చొప్పున ముగ్గురే ఆ పట్టిక చూడాలి. జబ్బు పేరు అందులో రాయనక్కర్లేదు, ‘ఆస్పత్రి పని ఉంది’ అంటే చాలు. దాతలకు లెక్కలు వెళ్ళాలి, పేర్లు వెళ్ళకూడదు. ఇక్కడే ఒక మాట చనువుగా చెబుతాము. వేదిక మీద చెక్కు పట్టుకుని పిల్లను పక్కన నిలబెట్టి తీసే ఫోటో ఈ సంవత్సరం నుంచి వద్దు. ఆ ఫోటో మర్నాడు క్లాసులో ఆ పిల్లను ఏం చేస్తుందో మేము రోజూ చూసేవాళ్ళం.

ఇక డబ్బు. పుస్తకాలకు, మందులకు, కుట్టుమిషన్లకు ఇచ్చేవారు ఉన్నారు, అల్లాహ్ వారికి బర్కత్ ఇవ్వాలి. పట్టిక రాసి, వారం వారం ఇళ్ళకు తిరిగే మనిషి జీతానికి మాత్రం ఎవరూ ముందుకు రారు. అది వృథా ఖర్చు అనుకుంటారు. సూరా తౌబాలో జకాత్ ఎవరెవరికి చెందుతుందో ఎనిమిది వర్గాలు చెప్పారు, వాటిలో జకాత్ పని చూసే ఉద్యోగులూ ఒక వర్గం. మన మనిషి ఆ కోవలోకి వస్తారా రారా అన్నది ఉలమా చెప్పాలి, మేము చెప్పేది కాదు. వారు కాదంటే సదఖా నుంచి, మామూలు చందాల నుంచి ఇవ్వవచ్చు. జీతానికని విడిగా రసీదు పుస్తకం వేయించమని కోశాధికారి గారిని కోరుతున్నాము.

మన మహల్లాలో డిగ్రీ చదివి, పెళ్ళై, ఇంట్లో ఉన్న ఆడపిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్ళలో కొందరు మా దగ్గర చదువుకున్నవాళ్ళే. ఈ పనికి మొదట వాళ్ళను అడగాలని మా సూచన. ఏ ఇంటి తలుపు ఎప్పుడు తట్టాలో వాళ్ళకు మనకంటే బాగా తెలుసు. అత్తింటివారితో మాట్లాడాల్సి వస్తే మేము వస్తాము.

వచ్చే ఆదివారం జొహర్ తర్వాత మూడు పుస్తకాలూ మళ్ళీ అదే బల్ల మీదకు వస్తాయి. కిస్తీల ఖాతా చదవడానికి లెక్కలు వచ్చిన ఒకరు తక్కువ ఉన్నారు.