బ్యాటరీ దిగిపోయిన డీజిల్ కారు

(రేడియో ప్రసంగ పాఠం)

ఈ పూట కారు బ్యాటరీ గురించి మాట్లాడతానంటే కొందరు నవ్వుకోవచ్చు. అయితే డిసెంబరు కూడికలు ముగించుకొని, బాగా పొద్దుపోయాక, రావులపాలెం నుండి కోనసీమ లోపలి ఊళ్లకు వెళ్లేవారు మీలో అనేకులున్నారు. దారిలో బండి ఆపి, మరల తాళం తిప్పితే ఇంజను మూలిగి ఊరుకుంది. లోపల నొప్పులు పడుతున్న తల్లి ఉంది. అప్పుడేమి చేస్తారు?

ముందు 108కి ఫోను చేయండి. బండి సంగతి ఆ తరువాత.

మనవాళ్లకు మొదట తోచేది తోయడం. ఆగండి! 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినది మొదలు మన డెల్టా అంతా కాలువలే, గట్లే. ఇంజను ఆడనప్పుడు బ్రేకు గట్టిపడిపోతుంది, పవర్ స్టీరింగు బరువెక్కుతుంది. చీకటి, పక్కనే నిండు కాలువ. పైగా కంప్యూటరుతో నడిచే నేటి డీజిల్ కార్లు బ్యాటరీ బొత్తిగా దిగిపోతే ఎంత తోసినా అంటుకోవు. పాత అంబాసిడరు రోజులు వేరు.

డీజిల్ ఇంజనుకు స్పార్క్ ప్లగ్గు ఉండదు. గాలిని ఇంచుమించు 16 నుండి 22 వంతుల వరకు కుదిస్తే పుట్టే వేడికే డీజిల్ మండాలి. అంత బలంగా తిప్పడానికి సెల్ఫ్ మోటారుకు చాలా కరెంటు కావాలి. చలి రాత్రి హీటర్ ప్లగ్గులు కూడా ఆ బ్యాటరీనే తాగుతాయి. గనుక లైట్లు వెలుగుతున్నాయి గదా, బ్యాటరీ బాగానే ఉందనుకోవద్దు.

లారీ డ్రైవరు మంచి మనసుతో ఆగవచ్చు. అయితే లారీకి సాధారణంగా 24 వోల్టులు, మీ కారుకు 12. అది కలిపితే కారు కంప్యూటరు కాలిపోవచ్చు, బ్యాటరీ పేలవచ్చు. అవసరమైతే ఆ తల్లిని లారీలో ఎక్కించి పంపండి గాని వైరు మాత్రం కలపవద్దు.

12 వోల్టుల కారును దగ్గరగా, తగలకుండా నిలపండి. రెండు ఇంజన్లూ ఆపండి. మీ బ్యాటరీ పగిలినా, కారుతున్నా ఈ పని చేయవద్దు. ఎర్ర వైరు మీ బ్యాటరీ ప్లస్సుకు, రెండవ కొస అవతలి ప్లస్సుకు. నల్ల వైరు అవతలి మైనస్సుకు. దాని చివరి కొస మీ బ్యాటరీకి కాదు, దూరంగా ఇంజను మీది రంగులేని ఇనుముకు. ఎందుకంటే బ్యాటరీ నుండి హైడ్రోజన్ వాయువు వస్తుంది, చివరి కలయికలో నిప్పురవ్వ లేస్తుంది. కళ్లు పోగొట్టే ప్రమాదమిది.

మత్తయి 25వ అధ్యాయములోని బుద్ధిగల కన్యకలకు నూనె పంచితే తమకు చాలదేమోనన్న భయముండెను. ఇక్కడ అవతలివారికి ఆ భయం అక్కరలేదు. వారి ఇంజను ఆడుతుంటే ఆల్టర్నేటరు పోయిన కరెంటును మరల నింపుతుంది. వారి బండిని అయిదు, పది నిమిషాలు అలాగే ఆడనివ్వండి. తరువాత మీరు తాళం తిప్పి, హీటర్ లైటు ఆరాక సెల్ఫ్ కొట్టండి. పది సెకన్లకు మించవద్దు. అంటుకోకపోతే ఒక నిమిషం ఆగండి.

అంటుకున్నాక, కలిపిన వరుసకు తలక్రిందులుగా వైర్లు తీయండి. ఇల్లు చేరేదాకా ఇంజను ఆపవద్దు. రాత్రంతా ఊరుకున్న బండిలో బ్యాటరీ 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగమే. తెల్లవారి బ్యాటరీ షాపులో లోడు పెట్టి చూపించండి. మూత తీసే రకమైతే డిస్టిల్డ్ వాటరే పోయండి, బోరు నీళ్లు పోయకండి.