కాళ్లు కడిగిన ప్రభువు

ఈ పూట మన రక్షకుడైన యేసు ప్రభువు తగ్గింపు గురించి మాట్లాడుకుందాం.

జగిత్యాల, సిరిసిల్ల గడ్డమీద నిలబడి తగ్గింపు గురించి చెప్పేవాడు ముందుగా ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. మన తాతలకు వంగడం ఎవరూ నేర్పనక్కరలేదు. దొర గడీ ముందు నుంచి పోవాలంటే చెప్పులు విడిచి చేతబట్టుకున్నారు, తలగుడ్డ తీసి భుజాన వేసుకున్నారు. కూలి లేకుండా వెట్టి చేశారు. బాంచన్ దొరా, నీ కాల్మొక్త అన్న మాట ఇక్కడ సినిమా కోసం పుట్టింది కాదు, రోజూ బతకడానికి పలికిన మాట. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో వేలమంది రైతు కూలీలు జైత్రయాత్ర చేసింది ఇటువంటి బతుకు ఇక వద్దనే. ఆ తర్వాత అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ రోజులు చూసినవాళ్లు మన మధ్య ఇంకా ఉన్నారు.

అటువంటివాళ్ల ముందు నిలబడి తగ్గించుకోండి, వంగి ఉండండి అంటే వాళ్ల చెవికి సువార్త వినబడదు, గడీ మాట వినబడుతుంది. అందుకే ఈ ఉపదేశాన్ని మొదలుపెట్టవలసిన చోటు వేరు. ఎవరు వంగారు, ఎవరి ముందు వంగారు అన్నది ముందు చూడాలి.

యోహాను సువార్త పదమూడో అధ్యాయం తీయండి. పస్కా పండుగ దగ్గరపడింది. రాత్రి భోజనం. ఆ దేశంలో జనం దుమ్ము దారుల్లో చెప్పులతో నడిచి వచ్చేవాళ్లు. ఇంటికి వచ్చినవాళ్ల కాళ్లు కడగడం ఇంట్లో అందరికన్నా కింద ఉన్న బానిస పని. ఆ గదిలో బానిస లేడు. నీళ్లున్నాయి, పళ్లెం ఉంది, తువ్వాలు ఉంది. పన్నెండుమందిలో ఒక్కరూ లేవలేదు. ఎందుకు లేస్తారు? మనలో గొప్పవాడెవరని ఆ రాత్రే వాళ్ల మధ్య వాదం నడిచిందని లూకా రాశాడు. అంతకుముందు యాకోబు, యోహాను అన్నదమ్ములిద్దరూ కుడిపక్క ఒకటి, ఎడమపక్క ఒకటి ఆసనాలు అడిగి ఉన్నారు. ఆసనం కోసం ఎదురుచూసేవాడి చేయి తువ్వాలు వైపు పోదు.

అప్పుడు యేసు లేచాడు. పైవస్త్రం తీసి పక్కన పెట్టి, నడుముకు తువ్వాలు కట్టుకున్నాడు. ఇక్కడ యోహాను రాసిన తీరు గమనించండి. తండ్రి సమస్తాన్నీ తన చేతికి అప్పగించాడని యేసుకు తెలుసు, తాను దేవుని దగ్గర నుంచి వచ్చాడని తెలుసు, ఆయన దగ్గరికే వెళుతున్నాడని తెలుసు. ఆ ఎరుకతోనే లేచాడు. తనను తాను తక్కువవాడిగా భావించుకుని వంగలేదు. భయపడి వంగలేదు. కూలి కోసమో, కొలువు కోసమో వంగలేదు. సర్వాధికారం చేతిలో ఉన్నవాడు ఆ చేతులతోనే జాలరుల మడమలు పట్టుకుని మట్టి కడిగాడు. మన ఊళ్లల్లో తరతరాలుగా బీదవాడు పెద్దవాడి కాళ్లు పట్టుకున్నాడు. ఆ రాత్రి ఆ గదిలో ప్రభువే కిందికి వచ్చి దాసుల కాళ్లు పట్టుకున్నాడు. గడీ నేర్పిన వంగుబాటుకూ, క్రీస్తు చూపిన తగ్గింపుకూ ఉన్న తేడా ఇదే.

పేతురు ఒప్పుకోలేదు, నా కాళ్లు నువ్వు కడగడమేమిటని అడ్డుపడ్డాడు. ఆ మొహమాటం మనకు అర్థమవుతుంది. కానీ నాకు ఇంతకన్నా బరువైన సంగతి మరొకటి కనబడుతుంది. యూదా ఇంకా బయటికి పోలేదు. కాసేపట్లో తనను అప్పగించబోయేవాడని తెలిసే ప్రభువు ఆ పాదాలు కూడా పట్టుకున్నాడు. ఈ ఒక్క సంగతి దగ్గర ఎన్నిసార్లు ఆగినా నాకు చాలదు.

పౌలు ఫిలిప్పీ సంఘానికి రాసిన పత్రిక కూడా ఇదే చెబుతుంది. ఫిలిప్పీ రోమా వలస పట్టణం. పదవి విరమించిన సైనికుల కుటుంబాలు స్థిరపడిన ఊరు. హోదా, బిరుదు, ఎవరు ఎవరికన్నా పైన అన్నవి అక్కడ గాలిలో కలిసి ఉండేవి. ఆ ఊరి విశ్వాసులకు పౌలు చెరసాలలో ఉండి రాశాడు. దేవునితో సమానమైనవాడు ఆ సమానత్వాన్ని పట్టుకు వేలాడలేదనీ, తనను రిక్తునిగా చేసుకుని దాసుని రూపం ధరించాడనీ, సిలువ చావు దాకా దిగివచ్చాడనీ రాశాడు. సిలువ రోమా పౌరులకు వేసే శిక్ష కాదు. బానిసలకూ, తిరుగుబాటుదారులకూ వేసే శిక్ష. అందుకే దాసుడు అన్న తర్వాత సిలువ ఎందుకు వచ్చిందో ఆ ఊరివాళ్లకు వెంటనే అర్థమై ఉంటుంది.

ఇంత లోతైన మాట పౌలు ఏ పండితుల సభ కోసమో రాయలేదు. అదే పత్రిక నాలుగో అధ్యాయంలో యువొదియ, సుంటుకే అనే ఇద్దరు స్త్రీలు కనబడతారు. సువార్త కోసం పౌలుతో కలిసి కష్టపడినవాళ్లే. వాళ్లిద్దరికీ పొసగలేదు. ఇద్దరూ ప్రభువులో ఏకమనస్సు కలిగి ఉండాలని పౌలు పేరుపెట్టి బతిమాలాడు. మన సంఘాల్లో కూడా చీలికలు సిద్ధాంతాల దగ్గర వచ్చేవి తక్కువ. మైకు ఎవరికిచ్చారు, పేరు ముందు ఎవరిది చదివారు అన్న దగ్గరే ఎక్కువ.

దేవుడు కొంతకాలం దైవత్వాన్ని దాచిపెట్టి, సేవకుడి వేషం వేసి, పని అయ్యాక మళ్లీ సింహాసనం ఎక్కాడని కొందరు చెబుతారు. అలా చెబితే తువ్వాలు వేషం, సింహాసనం నిజం అయిపోతాయి. నేను నమ్మేది అది కాదు. తువ్వాలు కట్టుకున్నప్పుడే దేవుడు ఎలాంటివాడో మనకు బయటపడింది. సేవ చేయడం ఆయన స్వభావం.

అలా తువ్వాలు అందుకున్నవాళ్లను చూడటానికి ఇక మన పక్క జిల్లాకు వస్తాను. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లి మీలో చాలామందికి తెలిసిన ఊరే. స్కాట్లాండ్ నుంచి ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ, ఆమె భర్త పాదిరి జార్జ్ కెర్ 1907లో నిజాం రాజ్యానికి వచ్చారు. వెస్లియన్ మెథడిస్టు మిషను వాళ్లు. ఆమె అబర్డీన్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివింది. అప్పట్లో ఆడపిల్ల డాక్టరు కావడమే అరుదు. నిజామాబాద్ ప్రాంతంలో కుష్ఠు రోగులను ఊరి బయటికి తోలేయడం ఆమె చూసింది. నిజామాబాద్ వాసి రాజా నర్సా గౌడ్ పెద్ద మొత్తం విరాళం ఇచ్చారు. ఆయన హిందువు. ఈ సేవలో ఆయన పేరు కూడా గౌరవంగా చెప్పుకోవాలి. అలా డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు ఆసుపత్రి 1915లో మొదలైంది.

అప్పటికి కుష్ఠుకు నేటి మందులు లేవు. చాల్మూగ్రా నూనె సూదిమందుగా ఇచ్చేవాళ్లు. అది నొప్పి మందు, నెలల తరబడి వేయించుకోవాలి. ఆ రోగంలో అసలు ప్రమాదం నరాలు చచ్చుబడటం. పాదానికి స్పర్శ పోతుంది. ముల్లు దిగినా తెలియదు, నిప్పు తగిలినా తెలియదు. చిన్న గాయం పుండై, పుండు ఎముక దాకా పోతుంది. అలాంటి పాదాన్ని రోజూ నీళ్లలో నానబెట్టాలి, కడగాలి, గట్టిపడ్డ చర్మం మెల్లగా తీయాలి, నూనె రాయాలి, కొత్త గాయం ఉందేమో కళ్లతో వెతకాలి. అంటే యోహాను పదమూడులో ప్రభువు చేసిన పని అక్షరాలా కుష్ఠు రోగికి వైద్యం. ఊరు తాకడానికి భయపడిన మనుషులకు తాకే చేతులు దొరికాయి. ఇసబెల్ కెర్ 1932లో కన్నుమూసింది.

అయితే సేవ చేసినవాళ్లందరూ కింద కూర్చుని చేయలేదు. కొందరు పైన నిలబడి చేశారు. ఈ సంగతి మొహం మీద చెప్పినవాడు మన తెలుగు సంఘాల చరిత్రలోనే ఉన్నాడు. వేదనాయగం శామ్యూల్ అజరయ్య తిరునెల్వేలి నాడారు కుటుంబంలో పుట్టి, తెలుగు నేర్చుకుని, 1909లో దోర్నకల్ వచ్చి పనిచేశాడు. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగింది. అక్కడ ఆయన లేచి, మిషనరీలు మా కోసం ఆస్తులు ఇచ్చారు, ఒళ్లు హూనం చేసుకున్నారు, అందుకు రుణపడి ఉన్నాం, కానీ మాకు స్నేహితులు కావాలి అన్న భావంతో మాట్లాడాడు. సభలో కొందరికి అది కష్టంగా తోచింది. 1912లో ఆయనే ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పయ్యాడు. దోర్నకల్ చుట్టుపక్కల మాల, మాదిగ పల్లెలకు నడిచి, ఎడ్లబండి మీద తిరిగి, 1945లో అక్కడే చనిపోయాడు. పక్కన కూర్చోనివ్వకుండా ఎంత పెట్టినా అది పెట్టినవాడి గొప్పగానే మిగులుతుందని ఆయన ఎత్తిచూపాడు. క్రిస్మస్ ముందు దుప్పటి ఇచ్చి, ముసలమ్మ చేత దుప్పటి ఎత్తి పట్టించి ఫోటో తీసే మనకు ఆ మాట ఇవాళ కూడా కావాలి.

ఇప్పుడు సంఘ పెద్దలకు, పాస్టర్లకు నేరుగా చెబుతున్నాను. వేదిక మీద సింహాసనం లాంటి కుర్చీలు తీసేయండి. ఫ్లెక్సీల మీద మీ ఫోటో ప్రభువు బొమ్మ కన్నా పెద్దగా వేయించకండి. ఆదివారం ఆరాధన అయ్యాక చాపలు ఎత్తేదీ, గిన్నెలు కడిగేదీ ఎప్పుడూ బీడీలు చుట్టి అలసిన ఆడవాళ్లే అయితే, పరిశుద్ధ గురువారం నాడు ఏటా పన్నెండుమందికి కాళ్లు కడగడం ప్రభువు ముందు లెక్కకు రాదు. చీపురు మీరు పట్టండి. ఏడాదికోసారి కాదు, ప్రతి వారం.

రెండోది ఇంకా ముఖ్యం. తాగొచ్చి భార్యను కొట్టే మనిషి ఉంటే, ఆ అక్కను పిలిచి తగ్గించుకో, ఓర్చుకో, ప్రభువు కూడా ఓర్చుకున్నాడు అని చెప్పకండి. అది వాక్యానికి చేసే ద్రోహం. ప్రధాన యాజకుని ఎదుట బంట్రోతు చెంపమీద కొట్టినప్పుడు యేసు ఊరుకోలేదు. నేను తప్పు మాట్లాడితే అది చూపించు, సరిగ్గానే మాట్లాడితే నన్నెందుకు కొట్టావని అడిగాడు. ఎవరినీ తిట్టలేదు, తిరిగి కొట్టలేదు, అయినా నిలదీశాడు. తన ప్రాణాన్ని ఎవరూ లాక్కోలేదనీ, తానే పెడుతున్నాననీ చెప్పినవాడు ఆయన. ఇష్టపడి ఇచ్చేదే క్రీస్తు తగ్గింపు, గుంజుకునేది వెట్టి. అక్కా, నువ్వు దెబ్బలు తింటుంటే 181కి ఫోన్ చెయ్యి. అది మహిళల కోసం ఉన్న ప్రభుత్వ నంబరు. అలా ఫోన్ చేయడం అవిశ్వాసం కాదు.

చివరగా, మన ఊళ్ల నుంచి దుబాయి, మస్కట్ పోయిన కొడుకుల ఇళ్లల్లో ముసలి తల్లిదండ్రులు ఒంటరిగా ఉన్నారు. వాళ్లల్లో సుగర్ వ్యాధి ఉన్నవాళ్లు ఎందరో. కుష్ఠులోలాగే సుగర్‌లో కూడా పాదం నరాలు దెబ్బతింటాయి, గాయం తెలియదు. కళ్లు మసకబారి, నడుము వంగక, తమ అరికాలు తాము చూసుకోలేరు. ఆలస్యమైతే కాలు తీసేయవలసి వస్తుంది. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక అలాంటి ఒక్క ఇంటికి వెళ్లండి. వాళ్లది ఏ కులం, ఏ మతం అని అడగకండి. వాళ్లు సరేనంటే గోరువెచ్చని నీళ్లు పెట్టండి, వేడి ఎంతుందో ముందు మీ చేయి పెట్టి చూడండి, ఎందుకంటే వాళ్లకు తెలియదు. పాదాలు కడిగి, వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడవండి. అరికాలు వెలుతురులో చూడండి. పగులు, బొబ్బ, నల్లబడిన చోటు కనబడితే ఇంట్లో వైద్యం చేయకండి, మర్నాడే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఒంటిమీద స్పర్శ లేని పాలిపోయిన మచ్చ కనబడినా తీసుకెళ్లండి. కుష్ఠుకు మందు ఉచితంగా ఇస్తారు, రకాన్ని బట్టి ఆరు నెలలో ఏడాదో వాడితే నయమవుతుంది. ఫోటో తీయకండి. సంఘంలో సాక్ష్యం చెప్పకండి. తర్వాతి ఆదివారం మళ్లీ వెళ్లండి.